కౌంటరుకు ఇవతలి వైపు

సన్మానసభలో కప్పిన శాలువా బీరువాలోకి వెళ్లిపోతుంది. ముప్పై ఏళ్లలో చేతికి పట్టుబడిన పనిని మాత్రం అలా దాచిపెట్టకూడదు. అవసరంలో ఉన్నవారి కోసం ఆ పనితనాన్ని ఉచితంగా ఖర్చుపెట్టిన విశ్రాంత ఉద్యోగులు, డాక్టర్లు, టీచర్లు, ఇంజినీర్ల గురించీ, మన ఊళ్లలో అలాంటి పని ఎక్కడ మొదలుపెట్టొచ్చన్నదాని గురించీ ఈ వారం ముఖచిత్ర కథనం.

పొలానికి వెళ్లిన మనిషిని పాము కరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు. పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అప్పిచ్చినవాళ్లు గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఆయన బ్యాంకు పాసుబుక్కు తీసి చూస్తే నిల్వ నాలుగు వందలు. ఇంక ఇందులో ఏముందని ఇంటావిడ దాన్ని మళ్లీ ట్రంకుపెట్టె అడుక్కి తోసేస్తుంది. పేర్లు మారతాయి గానీ, ఇలాంటి ఇల్లు మన పల్లెల్లో ఎక్కడ వెతికినా కనిపిస్తుంది.

ఆ పాసుబుక్కు ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగి చేతికి ఇవ్వండి. ఆయన చూపు నిల్వ మీద ఆగదు. నేరుగా మే నెలాఖరు లావాదేవీల దగ్గరికి వెళ్తుంది. అక్కడ 436 రూపాయలు, 20 రూపాయలు అని రెండు కోతలు ఉన్నాయేమో వెతుకుతారు. మొదటిది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా ప్రీమియం. రెండోది సురక్ష బీమా ప్రీమియం. బ్యాంకులో ఎప్పుడో పెట్టించుకున్న నాలుగైదు సంతకాల్లో ఈ రెండింటి కాగితాలూ కలిసి ఉంటాయి. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు. వయసు పరిమితిలో ఉండి ప్రీమియం కట్టిన మనిషి ఏ కారణంతో చనిపోయినా మొదటి బీమా కింద 2 లక్షల రూపాయలు, ప్రమాదంలో చనిపోతే రెండో బీమా కింద మరో 2 లక్షలు నామినీకి రావాలి. పాముకాటు ప్రమాదం కిందికే వస్తుంది. రోడ్డు ప్రమాదానికైతే పోలీసు కాగితం కావాలి. పాముకాటుకు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు అక్కడి రికార్డు చూపించాలి. మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, ఆసుపత్రి కాగితం, క్లెయిం ఫారం... ఏది ముందు పెట్టాలో, ఏ కాగితం మీద ఏ కొర్రీ పడుతుందో ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఆ కొర్రీలు వేసింది ఆయనే కదా!

రిటైరైనవాళ్లను సేవకు పిలిచేటప్పుడు అందరూ వాళ్ల తీరిక గురించే మాట్లాడతారు. వాళ్ల దగ్గరున్న అసలు ఆస్తి లోపలి సంగతులు తెలిసి ఉండటం. ఫైలు ఎలా నడుస్తుందో, ఏ బల్ల దగ్గర ఆగుతుందో, ఎవరి సంతకంతో కదులుతుందో ముప్పై ఏళ్లు చూసినవాళ్లు వాళ్లు. ఆ తెలివిడితో కౌంటరుకు ఇవతలికి వచ్చి, దిక్కు తోచని మనిషి పక్కన కూర్చుంటే అంతకు మించిన సాయం లేదు. అదే పని బయట దళారి చేస్తే వచ్చే 2 లక్షల్లో వాటా అడుగుతాడు.

ప్రజల సొమ్ముతో నేర్చిన విద్య

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవారు సుమారు 10.4 కోట్ల మంది. వీరిలో నెల తిరిగేసరికి ఉద్యోగ పింఛను ఖాతాలో పడేవారు కొద్దిమందే. మిగతావాళ్లలో చాలామందికి రిటైర్మెంటు అన్న మాటే లేదు. ఒంట్లో ఓపిక ఉన్నంతవరకూ కూలికి వెళ్తారు, మగ్గం మీద కూర్చుంటారు, తోపుడు బండి నెడతారు.

రిటైర్మెంటు వయసు మీద మన దగ్గర జరిగినంత చర్చ బహుశా దేనిమీదా జరగలేదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని 58 నుంచి ఒక్కసారిగా 55కు దించినప్పుడు ఉద్యోగుల ఇళ్లలో రేగిన కలకలం ఆ తరానికి ఇంకా గుర్తే. తర్వాత మళ్లీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022 నుంచి 62. తెలంగాణలో 2021 నుంచి 61. ఎన్నిసార్లు పెంచినా ఏదో ఒక నెలాఖరున కుర్చీ ఖాళీ చేయాల్సిందే. ఆ మర్నాటి నుంచి, ఆరోగ్యం బాగుంటే, పదీ పదిహేనేళ్ల బతుకు ముందుంటుంది.

ఒక హెడ్‌నర్సు, ఒక సర్వేయరు, ఒక ట్రెజరీ అకౌంటెంటు తయారవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి. శిక్షణకు ప్రభుత్వం ఖర్చుపెట్టింది. తొలినాళ్లలో వాళ్లు చేసిన తప్పుల భారం జనం మోశారు. అలా ప్రజల ఖర్చుతో పదునెక్కిన పనితనం సరిగ్గా పండే వయసుకు ఇంట్లో ఊరికే ఉండిపోతోంది. అందులో కొంతైనా మళ్లీ జనానికి చేరడం న్యాయం.

డిసెంబరు 17 వెనక ఉన్న మనిషి

తెలుగు రాష్ట్రాల్లో పింఛనుదారుల సంఘాలు ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాయి. 1982లో అదే రోజు సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. 1979లో కేంద్రం పింఛను లెక్కకట్టే పద్ధతిని ఉద్యోగులకు మేలు చేసేలా మార్చింది. అయితే ఆ ఏడాది మార్చి 31న, ఆ తర్వాత రిటైరైనవాళ్లకే అది వర్తిస్తుందని గీత గీసింది. ఒక్కరోజు ముందు దిగిపోయినా పాత లెక్కే. ఆ గీత చెల్లదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పింఛను ఏలినవారి దయ కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ స్పష్టం చేసింది.

కోర్టుకు వెళ్లినవారిలో నకారా అనే పింఛనుదారుతో పాటు 'కామన్ కాజ్' అనే సంస్థ కూడా ఉంది. దాన్ని 1980లో ఢిల్లీలో నెలకొల్పిన హరిదేవ్ శౌరి రిటైర్డు ప్రభుత్వాధికారి. సర్కారు కాగితాలను ఏళ్ల తరబడి లోపలి నుంచి చూసిన మనిషి. ఉత్తర్వులో ఒక తేదీ ఎంతమంది బతుకుల్ని రెండుగా చీలుస్తుందో గుర్తుపట్టడానికి ఆ అనుభవమే పనికొచ్చింది. అప్పటిదాకా ప్రభుత్వం తరఫున రాసిన చెయ్యి, ఆ తర్వాత జనం తరఫున అర్జీ రాసింది. పింఛన్లతో ఆయన ఆగలేదు. డబ్బుకు నెత్తురు అమ్ముకునే పద్ధతి మీద కామన్ కాజ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్లే 1998 జనవరి 1 నుంచి దేశంలో రక్తం అమ్మకంపై నిషేధం వచ్చింది. ఆసుపత్రిలో మనవాళ్లకు ఎక్కించే రక్తం నేడు అప్పటికంటే సురక్షితంగా ఉందంటే అందులో ఒక విశ్రాంత అధికారి పట్టుదల కూడా ఉంది.

యాభై ఎనిమిదో ఏట పదకొండు పడకలు

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మదురై ప్రభుత్వాసుపత్రిలో కంటి వైద్యుడు. యువకుడిగా ఉన్నప్పుడే కీళ్లవాతం పట్టి చేతివేళ్లు వంకర్లు తిరిగాయి. పెన్ను పట్టుకోవడమే కష్టమైన రోజుల్లో కూడా పట్టువదలకుండా సాధన చేసి, ఆ వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. 1976లో 58 ఏళ్లు నిండి రిటైరయ్యారు. శుక్లాలతో చూపు పోయి, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్న సంగతే తెలియక ఇంటి మూల కూర్చున్న పల్లె జనాన్ని ఆయన సర్కారీ కొలువులో చూసి ఉన్నారు. క్యాంపులు పెట్టి వాళ్లను వెతికి తేవడం ఎలాగో కూడా అక్కడే నేర్చుకున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి, చెల్లెళ్లనూ వాళ్ల భర్తలనూ పనిలోకి దించి, మదురైలో 11 పడకలతో ఒక కంటి ఆసుపత్రి తెరిచారు. అదే అరవింద్.

అక్కడ డబ్బున్నవాళ్లు కట్టే ఫీజుతోనే లేనివాళ్లకు ఉచితంగానో, నామమాత్రపు ఖర్చుతోనో ఆపరేషన్లు జరుగుతాయి. విదేశాల నుంచి వచ్చే కంటి లెన్సులు పేదలకు అందని ధరలో ఉంటే, 1992లో ఆరోల్యాబ్ పెట్టి వాటిని మదురైలోనే తయారుచేశారు. వెంకటస్వామి స్వయంగా లక్షకు పైగా కళ్లకు ఆపరేషన్లు చేశారంటారు. 2006లో ఆయన కన్నుమూసేనాటికి అరవింద్ ప్రపంచానికే పాఠమైంది. 2019 నుంచి తిరుపతిలోనూ అరవింద్ ఆసుపత్రి ఉంది. రాయలసీమ పల్లెల నుంచి వచ్చి అక్కడ చూపు తెచ్చుకుని వెళ్లే అవ్వాతాతల వెనక, యాభై ఎనిమిదేళ్లకు ఇంట్లో కూర్చోనన్న ఒక సర్కారీ డాక్టరు ఉన్నారు.

తారు బస్తాలు, పుస్తకాల గదులు

అందరూ ఆసుపత్రులు కట్టక్కర్లేదు. పశ్చిమగోదావరి జిల్లా యర్నగూడెంలో పుట్టిన కట్నం గంగాధర్ తిలక్ దక్షిణ మధ్య రైల్వేలో ఇంజినీరుగా 2008లో రిటైరయ్యారు. తర్వాత హైదరాబాదులో ఒక కంపెనీలో చేరారు. 2010లో ఒకరోజు లంగర్‌హౌస్ దగ్గర ఆయన కారు నీళ్లు నిండిన గుంతలో పడి, బడికి వెళ్తున్న పిల్లల మీద బురద చిమ్మింది. ఆయన సొంత డబ్బుతో మట్టి తోలించి ఆ చుట్టుపక్కల గుంతలు పూడ్చారు. ఆ తర్వాత రోడ్డు పక్కన వృథాగా పడున్న తారు ముక్కలు ఏరి బస్తాల్లో కారు డిక్కీలో పెట్టుకోవడం, గుంత కనిపించిన చోట ఆగి పూడ్చడం అలవాటైంది. 2011లో ఉద్యోగమే మానేశారు. సామగ్రికి పింఛను డబ్బు వాడారు. మొదట్లో కంగారుపడ్డ కుటుంబం తర్వాత తోడు నిలిచింది. పురపాలక యంత్రాంగం కూడా తారు మిశ్రమం ఇవ్వడానికి ముందుకొచ్చింది. గుంత పూడ్చడానికి ఇంజినీరే కావాలా అనిపించొచ్చు. అడుగున నీళ్లు తోడి, తడిమట్టి తీసేసి, పొరపొరగా నింపి, గట్టిగా దిమ్మిస్తేనే అది వానకు నిలుస్తుంది. రైల్వేలో ముప్పై అయిదేళ్లు పనిచేసిన ఇంజినీరుకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట మండలం వెల్లంకిలో కూరెళ్ల విఠలాచార్యది మరో దారి. తెలుగు పంతులుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసి రిటైరైన ఆయన తన ఇంటినే గ్రంథాలయంగా మార్చేశారు. సొంత పుస్తకాలతో మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో అభిమానులు పంపినవి కలిసి సంఖ్య రెండు లక్షల దాకా చేరింది. పల్లెటూరి పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకోవడానికీ, పరిశోధక విద్యార్థులు పాత పుస్తకాలు వెతుక్కోవడానికీ ఆ ఇంటికే వస్తారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏ పిల్లాడికి ఏ పుస్తకం చేతికివ్వాలో తెలిసిన మాస్టారు పక్కనుంటేనే ఇంట్లో పోగైన పుస్తకాలు ఊరికి గ్రంథాలయమవుతాయి.

మంచి మనసుకు చట్టం అడ్డొస్తే

అమెరికాలోని దక్షిణ కరోలినాలో హిల్టన్‌హెడ్ అనే దీవి ఉంది. డబ్బున్నవాళ్లు రిటైరై స్థిరపడే చోటు. ప్రఖ్యాత మందుల కంపెనీలో పెద్ద హోదాలో పనిచేసి వచ్చిన డాక్టర్ జాక్ మెకానెల్ అక్కడ ఒక వింత గమనించారు. దీవి నిండా రిటైర్డు డాక్టర్లు, నర్సులు, దంతవైద్యులు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో, హోటళ్లలో, తోటల్లో పనిచేసేవాళ్లకు మాత్రం బీమా లేక వైద్యం అందడం లేదు. రెండు గుంపులూ ఒకే రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి.

ఇద్దరినీ కలపడానికి మనసు ఒక్కటే సరిపోలేదు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన రిటైర్డు డాక్టర్లకు అక్కడ వైద్యం చేసే లైసెన్సు లేదు. ఎవరైనా కేసు వేస్తే పరిహారం కట్టడానికి బీమా లేదు. మెకానెల్ చట్టసభ చుట్టూ తిరిగి, ఉచితంగా వైద్యం చేసే రిటైర్డు డాక్టర్లకు ప్రత్యేక లైసెన్సు ఇచ్చేలా చట్టం తెప్పించారు. తక్కువ ఖర్చుతో బీమా ఏర్పాటు చేయించారు. 1994లో క్లినిక్ తెరిచారు. దాన్ని చూసి అనేక రాష్ట్రాల్లో అలాంటి క్లినిక్‌లు వెలిశాయి.

మనం ఎక్కువగా నేర్చుకోవాల్సింది ఈ కథ నుంచే. మన ఊళ్లలో కూడా మనసున్నవాళ్లకు కొదవ లేదు. గది, బల్ల, ఫలానా రోజు ఫలానా వేళ అన్న బోర్డు, పని అప్పజెప్పే మనిషి, తేడా వస్తే అండగా నిలిచే నిబంధన... వీటికే కొదవ. రిటైర్డు నర్సు ఒకామె మంచం పట్టిన ముసలివాళ్ల పుండ్లకు కట్టు కట్టడానికి సిద్ధంగా ఉన్నా, ఏ ఇంటికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేకపోతే ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రంథాలయం, పంచాయతీ ఆఫీసు ఇలాంటివాళ్ల పేర్లు రాసుకునే ఒక పుస్తకం పెట్టినా సగం పని అయిపోతుంది.

అమ్మమ్మలకు కూడా రిటైర్మెంటు కావాలి

న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సుగతా మిత్రా, తక్కువ ఫీజుల బడుల్లో చదివే హైదరాబాదు పిల్లలతో కంప్యూటర్ చదువుల ప్రయోగాలు చేశారు. స్కైపుతో ఏం చేద్దామని అడిగితే, బ్రిటన్‌లోని అమ్మమ్మలు మాకు కథలు చదివి వినిపిస్తే బాగుంటుందని ఆ పిల్లలు అన్నారట. 2009లో ఆ మాట ఒక బ్రిటిష్ పత్రికలో రాగానే రెండు వందల మందికి పైగా ముందుకొచ్చారు. వాళ్లలో చాలామంది రిటైర్డు టీచర్లు. వారం వారం ఒక వేళకు తెర మీద కనిపించి, కథ చదివి, పిల్లలు చెప్పింది విని, మెచ్చుకోవడమే వాళ్ల పని. అదే తర్వాత 'గ్రానీ క్లౌడ్' పేరుతో చాలా చోట్లకు విస్తరించింది.

మరి మన అమ్మమ్మలు? రిటైరైన మర్నాడే మన ఆడవాళ్లకు రెండో ఉద్యోగం మొదలవుతుంది. మనవడిని బడికి దించడం, కూతురి పురిటికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి రావడం, మళ్లీ కోడలి కోసం ఇంకో ఆరు నెలలు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరమ్మ చేతిలో ఇప్పుడు పాలసీసా, టిఫిన్‌డబ్బా. ఆమె ప్రేమగానే చేస్తుంది. అయినా వారానికి రెండు పూటలు ఆమెవి. ఆ రెండు పూటలూ ఇల్లు ఇంకొకరు చూసుకుంటే, వీధి చివర బడిలో ఎక్కాలు రాని పదిమంది పిల్లలకు లెక్కలు వస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1989లో రిటైరైన భౌతికశాస్త్ర ఆచార్యురాలు చిలుకూరి శాంతమ్మ, తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు. ఇంట్లోవాళ్లు ఆమె వయసును గుర్తుచేయొచ్చు. క్లాసులో కూర్చున్న పిల్లలకు కావాల్సింది పాఠం.

ఇక్కడే జాగ్రత్త

సేవలోకి దిగినవాళ్లు తరచూ తట్టుకుని పడే చోట్లు మూడున్నాయి.

మొదటిది హోదా. డిప్యూటీ తహసీల్దారు గారు ఇప్పుడు మాజీ. అర్జీదారు ఎదురుగా కాకుండా అతని పక్కన కుర్చీ వేసుకోవాలి. "కాగితాలన్నీ సరిచేసుకుని రేపు రా" అనే అలవాటు నాలుక మీద నుంచి పోవాలి. "చదవడం వచ్చా?" అని అడిగే బదులు "నేను చదివి వినిపిస్తా, మీరు వినండి" అనగలగాలి.

రెండోది నిలకడ. ఉత్సాహంగా మొదటి వారం వచ్చి మూడో వారం మానేస్తే, బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన మనిషి వెనక్కి వెళ్తాడు. మళ్లీ ఎవరినీ నమ్మడు. వారానికి ఒక్క పూట చాలు. ఆ పూట మాత్రం తప్పకూడదు.

మూడోది పెద్ద ప్రశ్న. ఉచితంగా చెప్పే రిటైర్డు టీచరు దొరికాడని ప్రభుత్వం టీచరు పోస్టు నింపడం మానేస్తే? డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి చదువుతున్న పిల్లల కడుపు కొట్టడం సేవ ఎలా అవుతుంది? అందుకే ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి. జీతమిచ్చి చేయించాల్సిన పని జీతగాళ్లే చేయాలి. వెనకబడిన పిల్లలకు సాయంత్రం చదువు, కొత్తగా చేరిన నర్సుకు మెళకువలు, అర్జీదారుకు తోడు... ఏ పోస్టు కిందికీ రాని ఇలాంటి పనులే విశ్రాంత ఉద్యోగివి. ఖాళీ పోస్టు కనిపిస్తే దాన్ని నింపమని అడిగే గొంతు కూడా ఆయనదే కావాలి. ఎవరికి రాయాలో ఆయనకే బాగా తెలుసు.

మొదలు ఎక్కడ?

న్యాయసాయం: జిల్లా న్యాయసేవాధికార సంస్థలు పారా లీగల్ వలంటీర్లను తీసుకుంటాయి. రిటైర్డు టీచర్లకు, ప్రభుత్వోద్యోగులకు అవకాశముంది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయానికి అర్హులు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేకే చాలామంది వకీలు ఫీజుకు అప్పు చేస్తున్నారు. హెల్ప్‌లైన్ 15100.

బడి: కేంద్ర విద్యాశాఖ 'విద్యాంజలి' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే దగ్గర్లోని ప్రభుత్వ బడి అవసరాలు కనిపిస్తాయి. ముందుగా హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి వేళ కుదుర్చుకోవడం మేలు.

బ్యాంకు పనులు: జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును కలిస్తే ఆర్థిక అక్షరాస్యత శిబిరాల వివరాలు తెలుస్తాయి. పదేళ్లుగా ఎవరూ అడగని డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో 'ఉద్గం' పోర్టల్ తెచ్చింది. పోయినవారి ఖాతాలు వెతకడంలో వారసులకు తోడుంటే చాలు.

విదేశాల్లో ఉన్నవారికి: అమెరికాలో 1964లో మొదలైన 'స్కోర్' సంస్థలో అనుభవజ్ఞులు చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహాలిస్తారు. జర్మనీలో 1983 నుంచి సీనియర్ ఎక్స్‌పర్ట్ సర్వీస్ ఉంది. డెబ్బైల్లో గుంటూరు, కాకినాడ, ఉస్మానియా కాలేజీల నుంచి అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్ల తరం ఇప్పుడు రిటైరవుతోంది. చదివిన కాలేజీకి పంపే డాలర్లతో పాటు ఏటా ఒక నెల స్వయంగా వచ్చి, ఇక్కడి రిజిస్ట్రేషన్ నిబంధనలు పాటిస్తూ, కుర్ర డాక్టర్ల పక్కన నిలబడి నేర్పితే ఆ విలువ వేరు.

మీ కిటికీ ఏది?

రిటైరైనవారికీ, ఈ ఏడో వచ్చే ఏడో కాబోతున్నవారికీ ఒక విన్నపం. ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకోండి. మీ ఉద్యోగంలో జనం మీ దగ్గరికి వచ్చి ఎక్కడ ఎక్కువగా చిక్కుపడేవారో రాయండి. తప్పుపడ్డ పేరా? దొరకని సర్వే నంబరా? అర్థంకాని మందుల చీటీనా? ఎవరూ విప్పి చెప్పని ఇంగ్లీషు నోటీసా? అప్పట్లో మీ చేతులు నిబంధనలతో కట్టేసి ఉండి, అయ్యో పాపం అనుకుంటూనే పంపించేసిన ముఖాలు కొన్ని గుర్తొస్తాయి. అలాంటివాళ్లు రేపు కూడా అదే కిటికీ ముందు నిలబడతారు. ఇప్పుడు మీ చేతులు కట్టేసేవారు లేరు, మిమ్మల్ని సంజాయిషీ అడిగే పైఅధికారి లేరు, ఆ చిక్కు విప్పడం మాత్రం మీకు ఇప్పటికీ వచ్చు. ఒక వారం, ఒక పూట, ఒక మనిషితో మొదలుపెట్టండి.